బిడ్డ జబ్బుకు తగిన వైద్యుని వెతకటం తవక్కుల్‌కు విరుద్ధమా?

కొన్నేళ్ళ క్రితం ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో జనాజా నమాజుకు వెళ్ళాము. చనిపోయింది పదకొండు రోజుల పసికందు. ఆ దంపతులకు అది రెండో కాన్పు. మొదటి బిడ్డ కూడా పుట్టినప్పుడు ఆరోగ్యంగానే ఉండి, నాలుగో రోజు నుంచి పాలు తాగటం మానేసి, కళ్ళు పచ్చబడి, వాంతులతో నీరసించి రెండు వారాలు తిరక్కుండానే కన్నుమూసింది. రెండుసార్లూ ఆసుపత్రి కాగితం మీద ఉన్నది ఒక్కటే మాట: రక్తంలో ఇన్ఫెక్షన్. ఖననం ముగించుకుని తిరిగి వస్తుంటే బంధువుల్లో ఒక పెద్దాయన ఆ తండ్రి భుజం మీద చెయ్యి వేసి, “అల్లాహ్ ఇచ్చాడు, అల్లాహ్ తీసుకున్నాడు. సబర్ చెయ్యి బేటా. ఇక డాక్టర్ల చుట్టూ తిరగొద్దు. అతిగా వెతకటం కూడా ఈమాన్ బలహీనతే” అన్నారు.

ఆ పెద్దాయన మనసు మంచిదే. ఆయన అన్న మొదటి మాట ప్రతి విశ్వాసి గుండెల్లో ఉండవలసిందే. కాని చివరి మాట మమ్మల్ని చాలా కాలం వెంటాడింది. అది నిజమేనా? ఊళ్ళో ఉన్న వైద్యునికి అంతుపట్టని జబ్బు వచ్చినప్పుడు, దాన్ని ఎరిగిన వైద్యుని కోసం పట్నాలు పట్టుకుని తిరగటం అల్లాహ్ మీద భరోసా లేకపోవటమా? ఈ ప్రశ్న మన ఇళ్ళలో చాలా చోట్ల ఉంది. పైకి అడగరు, అంతే.

దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన పల్లెవాసులు కొందరు అచ్చం ఇదే ప్రశ్న వేశారు, మేము వైద్యం చేయించుకోవచ్చా అని. చేయించుకోండి అనే ఆయన సెలవిచ్చారు. వృద్ధాప్యం ఒక్కటి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును కూడా అవతరింపజేశాడని తెలియజేశారు. మరో ఉల్లేఖనంలో, ఆ మందు తెలిసినవారికి తెలుస్తుంది, తెలియనివారికి తెలియదు అన్న భావం కూడా ఉంది. ఈ చివరి భాగాన్ని మనం పట్టించుకోము. మందు ఉండటం ఒక విషయం, దాన్ని ఎరిగినవాడు ఉండటం మరొక విషయం. మందు ఉందని నమ్మినవాడు దాన్ని ఎరిగినవాని కోసం వెతకాలి కదా!

అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక విషాద సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక సహాబీ తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తర్వాత ఆయనకు గుసుల్ చేయవలసిన పరిస్థితి వచ్చింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగితే, నీళ్ళు ఉండగా నీకు ఆ వెసులుబాటు లేదని వారు తేల్చేశారు. ఆయన స్నానం చేశారు, ఆ గాయంతోనే మరణించారు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని వారిని మందలించారు, అజ్ఞానానికి మందు అడగటమేనన్నారు. చనిపోయిన వ్యక్తి తఖ్దీర్‌లో ఆ మరణం వ్రాసి ఉండలేదా? ఉంది. అయినా, ఇది విధివ్రాత, సహించండి అని ఊరుకోలేదాయన. విధివ్రాత పేరుతో అడగవలసినవారు తప్పించుకోలేరని ఈ ఒక్క సంఘటన చాలు చెప్పటానికి.

ఇక వైద్యులందరూ ఒకటేనా అన్న సంగతి. ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి ‘మువత్తా’లో ఒక ఉల్లేఖనం ఉంది. గాయపడ్డ మనిషికి చికిత్స కోసం అన్మార్ తెగకు చెందిన ఇద్దరిని పిలిపించారు. దైవప్రవక్త (స) వారిని చూసి ముందుగా అడిగింది, మీలో వైద్యం బాగా తెలిసినవారెవరు అని. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గుండెనొప్పితో బాధపడినప్పుడు ఆయన ఛాతీ మీద చెయ్యి ఉంచారు, మందు కూడా చెప్పారు. అయినా సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరికి వెళ్ళమన్నారు, ఎందుకంటే ఆయన వైద్యం చేసే మనిషి. హారిస్ ఇస్లాం స్వీకరించారా లేదా అన్న విషయంలో చరిత్రకారుల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. అంటే ప్రవక్త (స) చూసింది పనితనాన్ని. హిజ్రత్ ప్రయాణంలో దారి చూపటానికి నియమించుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ కూడా అప్పటికి ముస్లిం కాడు. ఎడారి దారులు ఎరిగిన నిపుణుడు, నమ్మదగినవాడు.

ఆ దంపతుల విషయానికి వద్దాం. మూడో కాన్పులో పుట్టిన మగబిడ్డకు కూడా నాలుగో రోజు అదే వరస మొదలైంది. ఈసారి వాళ్ళు చూపించిన పిల్లల డాక్టరు వయసు మళ్ళినవారు. పాత కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, “ఇదేమిటో నాకు తెలియదు. కాని మూడోసారి కూడా ఇన్ఫెక్షన్ అని వ్రాసి పంపలేను. పాలు ఆపండి, సెలైన్ పెడతాను, ఈ రాత్రికే హైదరాబాదు వెళ్ళండి. పిల్లల డాక్టరు కాదు, జన్యువైద్యం చదివినవాళ్ళు కావాలి” అన్నారు.

‘నాకు తెలియదు’ అన్న ఆ మాట విలువ మనం గుర్తించాలి. మదీనాలో ఇమామ్ మాలిక్ (రహ్మ)ను దూరదేశాల నుంచి వచ్చినవారు ప్రశ్నలు అడిగితే, వాటిలో చాలా వాటికి ఆయన తెలియదనే జవాబిచ్చేవారు. అది ఆయన విద్యకు లోటు కాలేదు. వైద్యం తెలియకుండానే వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడని హదీసు స్పష్టం చేస్తోంది. తన హద్దు ఎరిగి, హద్దు దాటిన రోగిని ఎరిగినవారి దగ్గరికి పంపే వైద్యుడు అమానత్‌ను కాపాడినవాడు. మనవాళ్ళలో కొందరు అలా చెప్పిన డాక్టర్ని ‘ఈయనకు ఏమీ రాదు’ అని తీసిపారేసి, గట్టిగా మాట్లాడి నాలుగు సూదులు వేసే ఆయన దగ్గరికి పోతారు. ఇది మన తప్పు.

హైదరాబాదులో బయటపడిన జబ్బు పేరు గెలాక్టోసీమియా. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అది కడుపులో గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండుగా విడిపోతుంది. ఈ గెలాక్టోజ్‌ను శరీరానికి పనికివచ్చేలా మార్చే ఎంజైము ఒకటి ఈ బిడ్డల్లో పుట్టుకతోనే పనిచేయదు. అప్పుడు అది పేరుకుపోయి కాలేయాన్ని, మెదడును, కంటి పాపను దెబ్బతీస్తుంది. రక్తంలో ఇన్ఫెక్షన్ కూడా త్వరగా సోకుతుంది. కాబట్టి మొదటి ఇద్దరు బిడ్డల కాగితాల మీద వ్రాసింది అబద్ధం కాదు, కాని అసలు సంగతి అది కాదు. పాశ్చాత్య దేశాలలో సుమారు 40 నుంచి 60 వేల జననాలకు ఒకరిలో కనిపించే జబ్బు ఇది. ఒక పల్లె డాక్టరు జీవితమంతా వైద్యం చేసినా ఒక్కసారి కూడా తటస్థపడకపోవచ్చు.

మరి చికిత్స? పాలు ఆపి సోయా పిండితో చేసిన పాలడబ్బా పట్టటం. అంతే. ఆపరేషను లేదు, లక్షల ఖరీదు చేసే సూది లేదు. ఆ కుటుంబానికి ఇంతవరకు కరువైంది డబ్బు కాదు, ఎరిగిన మనిషి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పసిబిడ్డకు తల్లిపాలు పట్టటం మన ధర్మం ఎంతో ప్రాధాన్యమిచ్చిన విషయం. ఖుర్ఆన్‌లో రెండేళ్ళ గడువు కూడా ప్రస్తావించబడింది. అలాంటిది ‘నీ పాలే బిడ్డకు పడవు’ అని డాక్టరు చెప్పగానే ఆ ఇంట్లో ఏమై ఉంటుందో పాఠకులు ఊహించగలరు. కోడలి పాలలో విషముందని, ఇద్దరు బిడ్డల్ని మింగిందని ఇరుగుపొరుగు గుసగుసలాడారు. అసర్ ఉందని ఒకరు, తావీజు కట్టించమని ఒకరు. నిజమేమిటంటే ఈ జబ్బులోని లోపం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు సమానంగా వస్తుంది. రెండూ కలిసినప్పుడే బిడ్డకు జబ్బు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మోసేవారిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, తాము మోస్తున్నామని వారికి తెలియదు కూడా. తెలియనిదానికి పాపమెక్కడిది? ఒకరి బరువును మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ పదేపదే చెబుతుంటే, ఇద్దరి బరువునూ ఒక ఆడకూతురి నెత్తిన పెట్టటం దౌర్జన్యం.

సహనం గురించి మనవారు తరచుగా ఒక హదీసును ముందుకు తెస్తారు. మూర్ఛరోగంతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి దువా కోరింది. నీవు కోరితే స్వస్థత కోసం ప్రార్థిస్తాను, సహిస్తే స్వర్గం లభిస్తుంది అని ఆయన రెండు దారులు చూపారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది. బుఖారీ, ముస్లింలలో నమోదైన ప్రామాణిక హదీసు ఇది. దీని ఆధారంగానే చాలామంది ధర్మవేత్తలు వైద్యం చేయించుకోవటం అన్ని సందర్భాలలోనూ విధి కాదన్నారు. ఆ మాట మేము కాదనము. కాని గమనించండి, ఎంచుకున్నది ఎవరు? ఆ స్త్రీ, తన శరీరం గురించి, తానే. నాలుగు రోజుల పసికందు అలా ఎంచుకోగలడా? వాడి తరఫున వాడి ప్రాణాన్ని ‘సబర్’ చేసే అధికారం తండ్రికి ఎవరిచ్చారు? సంతానం తల్లిదండ్రుల చేతిలో అమానత్. మన సొంత నొప్పిని సహించటం గొప్ప గుణం. పక్కవాడి నొప్పిని మనం సహించేసి దానికి సబర్ అని పేరు పెట్టుకోవటం మాత్రం వేరే సంగతి. పైగా ప్రాణాన్ని నిలిపే చికిత్స ఉందని రూఢిగా తెలిసినప్పుడు దాన్ని వదిలేయరాదని చెప్పిన పండితులు ఎందరో ఉన్నారు.

అయితే ఎంతవరకు? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న, దీనికి మా దగ్గర సులువైన జవాబు లేదు. అన్ని జబ్బులూ గెలాక్టోసీమియా లాంటివి కావు. గాషే, పాంపే వంటి జబ్బులకు కొరవడిన ఎంజైమును సూది ద్వారా జీవితాంతం ఎక్కిస్తూ ఉండాలి. బిడ్డ బరువును బట్టి మోతాదు, మోతాదును బట్టి ఖర్చు. బిడ్డ ఎదుగుతున్న కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. మరికొన్నింటికి ఇప్పటికీ మందు లేదు. అలాంటప్పుడు ఉన్న ఇల్లు అమ్మి, మిగతా పిల్లల చదువు మాన్పించి, వడ్డీకి అప్పు తెచ్చి ఊళ్ళు తిరగటం విధి అని మేము అనలేము. పైన చెప్పిన సఅద్ (రజి) గారే మరో సందర్భంలో జబ్బుపడి తన ఆస్తి మొత్తం దానం చేసేస్తానంటే, దైవప్రవక్త (స) మూడింట ఒక వంతుకు మించనివ్వలేదు. వారసులను చెయ్యి చాచే స్థితిలో వదిలివెళ్ళటం కంటే కలిగినవారిగా వదలటం మేలన్నారు. అది వీలునామా సందర్భం, వైద్యం కాదు. అయినా పుణ్యకార్యమే అయినా సరే, ఇంట్లోని తక్కినవారి హక్కులను మింగేయకూడదన్న సూత్రం అందులో ఉంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది: జబ్బు పేరు తెలిసేవరకు వెతకటం తల్లిదండ్రుల బాధ్యత, ఎందుకంటే పేరు తెలియకుండా చికిత్స ఉందో లేదో తెలియదు. పేరు తెలిశాక, ఎరిగినవారు ఇద్దరు ‘దీనికి మందు లేదు, నొప్పి లేకుండా చూసుకోండి’ అంటే, అక్కడ ఆగిపోవటం పాపం కాదు. అప్పుడు ఆ ఇంటికి వెళ్ళి ఫలానా మూలిక, ఫలానా దర్గా అని ఊరించి వాళ్ళ చివరి రూపాయి కూడా లాగేవాళ్ళు మాత్రం అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. అదే జబ్బు చికిత్స ఉన్నదై, డబ్బు లేక ఆగిపోతే, అప్పుడు ఆ బాధ్యత తల్లిదండ్రుల గడప దాటి మన గడపలోకి వస్తుంది. పేద రోగి చికిత్సకు జకాత్ ఇవ్వవచ్చు. కైరోలో 1284లో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతోనే నడిచింది. మన మస్జిదు మినారు మరో పది అడుగులు పెంచటానికి చందా పోగు చేసేముందు, మహల్లాలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉందేమో అడిగి చూడండి.

ఎక్కడికి వెళ్ళాలో తెలియకనే సగం కాలం వృథా అవుతుంది. ఈ జబ్బులు చూసేవారు మెడికల్ జెనెటిక్స్ చదివినవారు. దేశం మొత్తం మీద కొద్దిమందే ఉన్నారు. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించి కొన్ని సంస్థలను ప్రత్యేక కేంద్రాలుగా గుర్తించింది. మన వైపున అది హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ ఆసుపత్రితో కలిసి. ఆ విధానంలో చేర్చిన జబ్బులకు, అక్కడ నమోదైన రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయం అందించే ఏర్పాటు 2022లో వచ్చింది. ఆ డబ్బు మన చేతికి రాదు, చికిత్స చేసే కేంద్రానికే వెళుతుంది. కాబట్టి మధ్యలో ఎవరైనా ఇప్పిస్తామని కమీషన్ అడిగితే నమ్మకండి.

వెళ్ళేటప్పుడు చనిపోయిన బిడ్డల కాగితాలు కూడా తీసుకువెళ్ళండి. చాలా ఇళ్ళలో దుఃఖం కొద్దీ వాటిని చింపేస్తారు. ఆ పల్లె తల్లి మాత్రం రెండు కాగితాలనూ బిడ్డల చిన్న టోపీలతో పాటు పెట్టెలో దాచుకుంది. మూడో బిడ్డను బ్రతికించే దారి చూపినవి, అల్లాహ్ దయతో, ఆ కాగితాలే. బిడ్డ పరిస్థితి చేజారుతోందని అనిపించినప్పుడు కాస్త రక్తం నమూనా దాచి ఉంచమని డాక్టరు అడిగితే కాదనకండి. అది శవానికి అవమానం కాదు. తర్వాత పుట్టబోయే తమ్ముడికో చెల్లెలికో అది దారి చూపుతుంది.

మేనరికం గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఆ దంపతులు ఖాలా పిల్లలు. 1902లోనే లండన్‌కు చెందిన ఆర్చిబాల్డ్ గారడ్ అనే వైద్యుడు ఇలాంటి ఒక వంశపారంపర్య జబ్బును పరిశీలిస్తూ, రోగుల తల్లిదండ్రులు చాలా తరచుగా దగ్గరి బంధువులై ఉండటాన్ని గమనించాడు. దగ్గరి రక్తంలో ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. బయటి సంబంధాల్లో నూటికి రెండు మూడుగా ఉండే పుట్టుక లోపాల అవకాశం చాచా, ఖాలా, మామూ, ఫూఫీ పిల్లల మధ్య పెళ్ళిళ్ళలో సుమారు రెట్టింపు అవుతుంది. అయినా ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారన్నది కూడా నిజం. షరీఅత్ ఈ వివాహాన్ని ధర్మసమ్మతం చేసింది. దైవప్రవక్త (స) తన కుమార్తె ఫాతిమా (రజి)ను అలీ (రజి)కి ఇచ్చారు. ధర్మసమ్మతమైనదాన్ని నిషిద్ధమనే హక్కు ఎవరికీ లేదు. అయితే ధర్మసమ్మతం అంటే తప్పనిసరి అని కూడా కాదు. ఆస్తి బయటికి పోకూడదనో, కట్నం తగ్గుతుందనో, ఒకే కుటుంబంలో జబ్బు కనిపించాక కూడా మళ్ళీ అదే ఇంట్లో పిల్లనిచ్చి పుచ్చుకునేవారు ధర్మాన్ని కాదు, తమ లెక్కను అనుసరిస్తున్నారు. సౌదీ అరేబియాలోనే 2004 నుంచి పెళ్ళికి ముందు తలసీమియా, సికిల్ సెల్ జబ్బుల పరీక్ష తప్పనిసరి చేశారు. ఫలితం చూశాక పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్నది వధూవరుల ఇష్టానికే వదిలారు.

జబ్బున్న బిడ్డ అక్కాచెల్లెళ్ళ సంబంధాల దగ్గర ఈ సంగతిని దాచేస్తుంటారు. ఆరోగ్యంగా ఉన్న ఆ తోబుట్టువు లోపాన్ని మోసే అవకాశం మూడింట రెండు వంతులు. కాని బంధుత్వం లేని ఇంట్లో ఇస్తే, అవతలివారు కూడా అదే అరుదైన లోపాన్ని మోస్తుండే అవకాశం బహు స్వల్పం. అంటే నిజం చెప్పినందువల్ల పోయేదేమీ లేదు. దాచి, తర్వాత బయటపడితే మోసమవుతుంది.

రమజాన్ మాట కూడా ఒకటి. ఇలాంటి జబ్బుల్లో కొన్నింటికి ఆకలే శత్రువు. గ్లైకోజన్ నిల్వ జబ్బు ఉన్న పిల్లల కాలేయం దాచుకున్న చక్కెరను తిరిగి విడుదల చేయలేదు. కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంటే చాలు, రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. అందుకే రాత్రిపూట కూడా పచ్చి కార్న్ ఫ్లోర్ నీళ్ళలో కలిపి తాగిస్తారు. యుక్తవయసు వచ్చి, తోటివారంతా రోజా ఉంటుంటే, తాను ఒక్కడే పగలు తాగుతున్నానని అలాంటి పిల్లవాడు సిగ్గుతో కుమిలిపోతాడు. రోగికి రోజా నుంచి మినహాయింపు ఇచ్చింది అల్లాహ్‌యే. ఆ మాట వాడికి మస్జిదు ఇమామ్ గారి నోటితో వినిపించండి. డాక్టరు నోట వినటానికి, అక్కడ వినటానికి తేడా ఉంటుంది.

ఆ పల్లె పిల్లవాడు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, లెక్కల్లో వెనకబడతాడు. ఈ జబ్బులో పాలు ఆపినా అలాంటి ఇబ్బందులు కొందరిలో మిగిలిపోతాయి. ఏడాదికోసారి కంటి పరీక్షకు, రక్త పరీక్షకు హైదరాబాదు వెళ్ళి వస్తారు. సబర్ చెయ్యమన్న ఆ పెద్దాయనే మొదటిసారి వాళ్ళకు తోడుగా రైలెక్కారు. పోయిన ఈదుకు మేము వాళ్ళింటికి వెళితే నానీ అందరికీ షీర్ ఖుర్మా పోస్తోంది. పొయ్యి పక్కన చిన్న గిన్నె ఒకటి విడిగా ఉంది, సోయా పాలతో చేసింది. “వీడిది పొరపాటున కూడా మార్చకండి” అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతూ, ఆ గిన్నె మీద తన చేతి రుమాలు కప్పింది.